టైమ్‌లైన్ అటూఇటూ అయితే చాలు, నోలన్ సినిమా అయిపోతుందా?

ఈమధ్య ఏ సినిమా కథ మధ్యలోంచి మొదలైనా, సెకండాఫ్‌లో ఒక పాత సీన్ కొత్త అర్థంతో తిరిగొచ్చినా, సాయంత్రానికల్లా హాలీవుడ్ దర్శకుడు క్రిస్టఫర్ నోలన్ పేరు పెట్టి "నోలన్ రేంజ్ స్క్రీన్‌ప్లే" అనే మాట ఫోన్ తెరిస్తే చాలు ఎదురవుతోంది. 2014లో సుకుమార్ '1: నేనొక్కడినే' వచ్చినప్పుడు ఇదే మాట, 2024లో విజయ్ సేతుపతి 'మహారాజ' వచ్చినప్పుడూ ఇదే మాట. పోనీ ఆ రెండు సినిమాలకీ పోలిక ఉందా అంటే దాదాపు లేదు. ఒకదాంట్లో హీరో చూస్తున్నది నిజమా భ్రమా అన్నది సమస్య, ఇంకోదాంట్లో మనం చూస్తున్నది ఏ సంవత్సరం అన్నది సమస్య. రెండూ మనల్ని గందరగోళపెట్టాయి కాబట్టి రెండిటికీ ఒకే పేరు పెట్టేశాం.

పొగడ్తగా అన్నా తిట్టుగా అన్నా ఈ పోలికలో అసలు విషయం తప్పిపోతోందని నాకనిపిస్తుంది. వరస ఎందుకు మార్చారు, మార్చడం వల్ల ఎవరికి ఏం తెలియకుండా పోయింది అన్నది చూస్తేనే ఒక దర్శకుడి పద్ధతి పట్టుబడుతుంది. కేవలం వరస మారింది కదా అని చూస్తే అన్నీ ఒకేలా కనిపిస్తాయి. అందుకే మొదట్నుంచి మొదలుపెడదాం. ముందే చెప్తున్నాను, కింద చాలా సినిమాల ముడి విప్పేయాల్సి వస్తుంది. 'కేరాఫ్ కంచరపాలెం', 'మెమెంటో', 'డన్‌కర్క్' చూడనివాళ్ళు అవి చూసొచ్చాక చదివితే మంచిది.

ఒకే కథ, మూడు వరసలు

జరిగింది జరిగినట్టు వరసగా పేరిస్తే అది కథ. దాన్ని తెరమీద ఏ క్రమంలో, ఎంతసేపు, ఎవరి వైపు నుంచి చూపించారన్నది కథనం. రెండూ ఒకే వరసలో నడిస్తే లీనియర్, వేరువేరు వరసల్లో నడిస్తే నాన్-లీనియర్. ఇంతే నిర్వచనం. కానీ దీని పవర్ అర్థం కావాలంటే మనకి దగ్గర్లోనే ఒక మంచి ఉదాహరణ ఉంది.

ఒక మగవాడు, అతని జీవితంలో వేరువేరు వయసుల్లో వచ్చిన ప్రేమలు. ఈ ఒక్క లైను మీద తెలుగులో మూడు సినిమాలున్నాయి. 2016లో నాగచైతన్య 'ప్రేమమ్' (మలయాళం నుంచి వచ్చింది) దీన్ని దాదాపు వరసగానే చెప్తుంది: స్కూలు వయసు, కాలేజీ వయసు, ఉద్యోగం వయసు. హీరోతోపాటు మనమూ పెరుగుతాం, తర్వాత ఏమవుతుందో అతనికీ తెలీదు, మనకీ తెలీదు. 2004లో రవితేజ 'నా ఆటోగ్రాఫ్' (ఇది తమిళం నుంచి) అదే లైను తీసుకుని చివరనుంచి మొదలుపెడుతుంది. పెళ్ళి శుభలేఖలు పంచడానికి బయల్దేరినవాడు పాత ఊళ్ళకి వెళ్తూ ఒక్కో ప్రేమనీ గుర్తు చేసుకుంటాడు. అతని పెళ్ళి కుదిరిందని మనకి ముందే తెలుసు కాబట్టి, ఆ ప్రేమలేవీ నిలబడలేదనీ ముందే తెలుసు. అందుకే ప్రతి సంతోషపు సీన్ మీదా ఒక దిగులు పొర ఉంటుంది.

2018లో వెంకటేష్ మహా తీసిన 'కేరాఫ్ కంచరపాలెం' ఇంకో దారి పట్టింది. విశాఖపట్నం కంచరపాలెంలో నాలుగు ప్రేమకథలు పక్కపక్కనే నడుస్తుంటాయి. బళ్ళో చదివే సుందరం, కుర్రాడు జోసెఫ్, వైన్‌షాపులో పనిచేసే గడ్డం, యాభైకి దగ్గరపడినా పెళ్ళికాని ఆఫీసు అటెండరు రాజు. పేర్లు వేరు, నటులు వేరు, ఒక కథలోంచి ఇంకో కథలోకి మామూలుగా వెళ్ళిపోతుంటుంది. చివర్లో తెలుస్తుంది, నలుగురూ ఒక్కడే. ఒకే మనిషి నాలుగు వయసులు.

ఇప్పుడు దీన్ని సాపు చేసి వరసగా పెట్టి చూడండి. కథలో ఒక్క సంఘటన కూడా మారదు, కానీ పోయేది పెద్దదే. మనం సినిమా అంతా ఒక ఊరిని చూశాం అనుకున్నాం, రకరకాల మనుషులు, రకరకాల మతాలు, రకరకాల ప్రేమలు అనుకున్నాం. చివరికి ఆ రకాలన్నీ ఒక్కడి లోపలే ఉన్నాయని తెలిసినప్పుడు, అప్పటిదాకా ఊళ్ళోవాళ్ళు "ఇతనికింకా పెళ్ళికాలేదేంటి" అని రాజుని అన్న మాటలన్నీ వెనక్కి తిరిగి గుచ్చుకుంటాయి. 'ప్రేమమ్' వరసలో ఆ నొప్పి రానే రాదు. దర్శకుడు వరస మార్చి ట్విస్టు సంపాదించాడనడం తక్కువ చేసి చెప్పడమే అవుతుంది.

నాన్-లీనియర్ కానివి కూడా ఆ లెక్కలో కలిపేస్తున్నాం

ఇక్కడ కొంత చెత్త ఊడ్చాలి. క్రిష్ 'వేదం' (2010) గురించి మాట్లాడేటప్పుడు చాలామంది నాన్-లీనియర్ అనేస్తారు. కేబుల్ రాజు, సరోజ, వివేక్ చక్రవర్తి, రహీముద్దీన్, మనవడిని చదివించుకోవాలనే రాములు, ఐదు కథలు న్యూ ఇయర్ రాత్రి హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రి దగ్గర కలుస్తాయి. కానీ కాలం ముందుకే నడుస్తుంది. పాయలు ఎక్కువ, అంతే. పాయలెక్కువైనంత మాత్రాన వరస మారినట్టు కాదు.

మన ఫ్లాష్‌బ్యాక్ సంగతి వేరు. అది నిఖార్సయిన నాన్-లీనియరే, కానీ మనకి ఎంత అలవాటైపోయిందంటే దాన్ని ఎవరూ ఆ పేరుతో పిలవరు. 'ఇంద్ర'లో (2002) కాశీలో టాక్సీ నడిపే శంకర్ నారాయణ అసలెవరో తెలిసేది సీమ ఫ్లాష్‌బ్యాక్‌లోనే. ఎవరో ఒకరు "ఆయన ఎవరో తెలుసా" అంటారు, వెనక్కి వెళ్తాం, అంతా అయ్యాక మళ్ళీ ఇక్కడికే వస్తాం. ఎప్పుడు వెళ్ళామో ఎప్పుడొచ్చామో ప్రేక్షకుడికి స్పష్టంగా తెలుసు కాబట్టి తల తిరగదు. 'బాహుబలి' అయితే ఈ మామూలు ఫ్లాష్‌బ్యాక్‌నే తీసుకుని మధ్యలో కోసేసింది: 2015 జులైలో కట్టప్ప నోట ఒక్క మాట అనిపించి ఆపేసి, ఆ ఎందుకుకి జవాబు 2017 ఏప్రిల్‌లో చెప్పింది. దాదాపు రెండేళ్ళపాటు దేశమంతా అడిగిన ప్రశ్న పుట్టింది కథలోంచి కాదు, కథనాన్ని ఎక్కడ ఆపారన్న దాంట్లోంచి.

మూడోది, నమ్మదగని కథనం. '1: నేనొక్కడినే'లో రాక్‌స్టార్ గౌతమ్ తన తల్లిదండ్రుల్ని చంపినవాళ్ళని తను చంపానని లొంగిపోతాడు, తీరా చూస్తే కెమెరాలో అతనొక్కడే గాలితో కొట్లాడుతున్నాడు. సినిమా మనల్ని తికమక పెట్టింది నిజమే, కానీ కాలాన్ని ముక్కలు చేసి కాదు, కన్ను చూసిన దాన్ని నమ్మొచ్చా అన్న అనుమానంతో. ఈ మూడిటినీ విడదీసుకుంటే తర్వాతి మాట తేలికవుతుంది.

నోలన్ నిజంగా ఏం చేస్తాడు

క్రిస్టఫర్ నోలన్ మొదటి సినిమా 'ఫాలోయింగ్' 1998లో వచ్చింది. బ్లాక్ అండ్ వైట్‌లో, సుమారు ఆరు వేల డాలర్లతో, వారాంతాల్లో తీసుకున్న చిన్న సినిమా. అందులోనే కాలాన్ని ముక్కలు చేశాడు, ఏ ముక్క ఎప్పటిదో హీరో జుట్టునీ, వేసుకున్న బట్టల్నీ, మొహం మీద దెబ్బల్నీ చూసి పోల్చుకోవాలి. కానీ అతని పద్ధతి పూర్తిగా కనబడేది 'మెమెంటో'లో (2000).

దాని లెక్క ఒకసారి వేసుకుందాం. కథని వరసగా తొమ్మిది ముక్కలనుకోండి, 1 నుంచి 9 దాకా. మొదటి నాలుగూ బ్లాక్ అండ్ వైట్, మిగతా ఐదూ కలర్. సినిమా చూపించే వరస ఇది: 9, 1, 8, 2, 7, 3, 6, ఆఖరికి 4, 5 కలిసిపోయి. అంటే బ్లాక్ అండ్ వైట్ ముందుకి, కలర్ వెనక్కి, ఒకదాని తర్వాత ఒకటి. అసలు సినిమాలో ముక్కలు చాలా ఎక్కువ, సూత్రం మాత్రం ఇదే. రెండూ కలిసే చోట ఒక పోలరాయిడ్ ఫొటో మెల్లగా తేలుతుంటే తెర కూడా బ్లాక్ అండ్ వైట్ నుంచి కలర్‌లోకి మారుతుంది. గమనించారా, సినిమా చివరి సీను కథకి నడిమధ్య.

ఇంత ఎందుకు? హీరో లెనర్డ్‌కి కొత్త జ్ఞాపకాలు నిలవవు. కొన్ని నిమిషాల కిందట ఏం జరిగిందో తెలీదు. వెనక్కి నడిచే కథనంలో మనకీ అంతే, ఇప్పుడు చూస్తున్న దానికి ముందు ఏం జరిగిందో ఇంకా చూపించలేదు. ఒక కలర్ ముక్క మొదలయ్యేసరికి లెనర్డ్ పరుగెడుతుంటాడు, పక్కనే ఇంకొకడు పరుగెడుతుంటాడు, నేను వాడిని తరుముతున్నానా అనుకుంటాడు. తీరా వాడు తుపాకీ పేలుస్తాడు. ఓహో, వాడే నన్ను తరుముతున్నాడన్నమాట. మనకీ సరిగ్గా అదే క్షణంలో తెలుస్తుంది.

నటాలీ సీను ఇంకా ఘోరం. ఆమె లెనర్డ్ మీద జాలిపడి సాయం చేయడం మనం ముందు చూస్తాం, ఆమె మొహం మీద దెబ్బలు చూసి పాపం అనుకుంటాం. ఆ తర్వాత, అంటే కథలో అంతకుముందు జరిగింది చూపిస్తారు. ఆమె ఇంట్లో పెన్నులన్నీ తీసేసి, లెనర్డ్‌ని నానా మాటలూ అని రెచ్చగొట్టి, అతని చేతే దెబ్బ తిని, బయటికెళ్ళి కార్లో కూర్చుంటుంది. లోపల లెనర్డ్ మర్చిపోయేలోపు రాసుకోవాలని పెన్ను కోసం వెతుకుతుంటాడు. అతను మర్చిపోయి ఉంటాడనిపించాక లోపలికొచ్చి, ఈ దెబ్బలు ఫలానావాడు కొట్టాడు అని ఏడుస్తుంది. వరసగా చూసుంటే ఆమె ఒక మామూలు మోసగత్తె, అంతే. వెనక్కి చూశాం కాబట్టి ఆమెని నమ్మి మోసపోయినవాళ్ళలో మనమూ ఉన్నాం.

'గజిని' (2005) పక్కన పెడితే తేడా ఇంకా తేటగా కనబడుతుంది. ఆ జబ్బు, ఒంటిమీద పచ్చబొట్లు, ఫొటోల వెనక రాతలు, అన్నీ 'మెమెంటో' నుంచి వచ్చినవే. కానీ దర్శకుడు మురుగదాస్ దాని కథనం తీసుకోలేదు. డైరీ చదువుతుంటే గతం తెరుచుకునే మన ఫ్లాష్‌బ్యాక్ దారిలోనే వెళ్ళాడు. దానివల్ల హీరోకి గుర్తులేని ప్రేమకథ మొత్తం మనకి తెలుసు, అతనికి తెలీదు. 'మెమెంటో'లో లెనర్డ్‌తో పాటు మనమూ చీకట్లో ఉంటే, 'గజిని'లో మనం వెలుతురులో నిలబడి చీకట్లో ఉన్నవాణ్ణి చూసి ఏడుస్తాం. సూర్య, అసిన్ మధ్య సీన్లు అంతగా మనసుకి పట్టడానికి ఆ దూరమే కారణమని నేననుకుంటాను. ఒకటి గొప్ప, ఇంకోటి కాపీ అని తేల్చేయడం నాకు సరిగ్గా అనిపించదు. ఒకే జబ్బు, రెండు రకాల ప్రేక్షకులు.

'డన్‌కర్క్'లో (2017) నోలన్ ఇంకో రకం పని చేశాడు. ఒడ్డు మీద కథ ఒక వారం, సముద్రం మీద ఒక రోజు, ఆకాశంలో ఒక గంట, మూడూ కలిపి కోశాడు. విమానం దెబ్బతిని నీళ్ళలో దిగిన పైలట్ కాలిన్స్ చెయ్యి ఊపుతున్నట్టు పైనుంచి కనబడుతుంది, తోటి పైలట్ "క్షేమమే" అనుకుని వెళ్ళిపోతాడు, మనమూ ఊపిరి పీల్చుకుంటాం. చాలాసేపటికి అదే సంఘటన కిందనుంచి వస్తుంది. పైకప్పు తెరుచుకోక, నీళ్ళు నిండుతుంటే అతను బయటపడడానికి గింజుకుంటున్నాడు. యుద్ధంలో ఎవరికీ మొత్తం బొమ్మ కనబడదు అన్న మాటని డైలాగులో పెట్టకుండా వరసలో పెట్టాడు. ఆ సినిమాకి ఎడిటింగ్‌లో ఆస్కార్ వచ్చింది, లీ స్మిత్‌కి. 'ఓపెన్‌హైమర్' (2023) కూడా ఇదే తరహా: కలర్ భాగం అణుబాంబు శాస్త్రవేత్త ఓపెన్‌హైమర్ వైపు నుంచి, బ్లాక్ అండ్ వైట్ భాగం అతని ప్రత్యర్థి స్ట్రాస్ వైపు నుంచి, 1954 నాటి విచారణ ఒకటి, 1959 నాటి సెనేట్ విచారణ ఒకటి, రెండిటి మధ్యా కథ తిరుగుతుంది.

ఇవన్నీ చూశాక నాకు కనబడే నోలన్ గుర్తులు రెండు. ముందు ఒక నియమం పెట్టుకుంటాడు, గడియారంలా, ఆ నియమం సినిమా చివరిదాకా తప్పడు. రెండోది, ఆ నియమం ఊరికే రాదు, పాత్రకి ఏది తెలుసు ఏది తెలీదు అన్న దాంట్లోంచి పుడుతుంది. తల తిప్పేయడం ఆ రెండిటి ఫలితం. ఇంకో సంగతి, నోలన్ సినిమాలన్నీ ఇలా ఉండవు. 'ఇన్‌సోమ్నియా', 'ద డార్క్ నైట్' దాదాపు వరసగానే పోతాయి. 'ఇన్‌సెప్షన్' (2010) కూడా మొదటి సీను పక్కన పెడితే వరసే, కలలో కల కాబట్టి కాలం వేగం మారుతుంది, వరస పెద్దగా మారదు. "నోలన్ టైప్" అనే మాట నోలన్‌కే సగం సినిమాల్లో సరిపోదు.

అదే పని టరాంటినో చేస్తే

క్వెంటిన్ టరాంటినో 'పల్ప్ ఫిక్షన్' (1994) కూడా ముక్కలు ముక్కలే. కాన్స్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో పెద్ద బహుమతి పామ్ డోర్ కొట్టింది, స్క్రీన్‌ప్లేకి ఆస్కార్ తెచ్చుకుంది, ఆ తర్వాత కొన్నేళ్ళు కొత్తగా వచ్చిన ప్రతి గ్యాంగ్‌స్టర్ సినిమానీ దానితోనే పోల్చారు, ఇప్పుడు నోలన్‌తో పోల్చినట్టే. కానీ లోపల పని వేరు. అక్కడ కథకి ఒక నవల లాంటి అధ్యాయాలుంటాయి, ఒక్కోటి దానికదే పూర్తి కథ. ఏ ముక్క ముందో వెనకో తేల్చుకోవడానికి ప్రేక్షకుడు పెద్దగా కష్టపడక్కర్లేదు, దర్శకుడు దాచిపెట్టిన రహస్యమూ ఏమీ లేదు.

మరి వరస మార్చడం దేనికి? విన్సెంట్ అనే కిరాయి హంతకుడు సినిమా మధ్యలోనే చచ్చిపోతాడు. చివరి సీన్లో మళ్ళీ బతికే ఉంటాడు, ఎందుకంటే అది అంతకు ముందురోజుల్లో జరిగింది. ఒక హోటల్లో పొద్దున్నే తిండి తింటూ, తన తోడు జూల్స్ ఈ పని ఇక మానేస్తానంటుంటే ఎగతాళి చేస్తూ కూర్చుంటాడు. మానేసినవాడు బతుకుతాడు, మానని వాడు ఎలా పోతాడో మనం చూసేశాం. ఇద్దరూ నిక్కర్లేసుకుని హాయిగా బయటికి నడిచి వెళ్ళిపోతుంటే సినిమా అయిపోతుంది. వరసగా చెప్పుంటే చావుకి దగ్గర్లో ముగిసేది, ఇప్పుడు ఒక మనిషి మారాలని నిర్ణయించుకున్న చోట ముగిసింది. ఇక్కడ వరస మార్చింది మన మనసుని ఏ చోట వదలాలి అన్న లెక్కతో.

ఇంకాస్త వెనక్కి వెళ్తే జపాన్ దర్శకుడు కురసావా 'రషోమాన్' (1950). అడవిలో ఒక సమురాయ్ చనిపోయాడు, ఎలా అన్నది నలుగురు నాలుగు రకాలుగా చెప్తారు. ఇక్కడ కాలం వెనక్కి ముందుకి వెళ్ళడం అసలు విషయం కాదు, ఒకే సంఘటన మళ్ళీమళ్ళీ రావడం, ఏదీ పూర్తి నిజం కాకపోవడం. కమల్ హాసన్ 'విరుమాండి' (2004, తెలుగులో 'పోతురాజు') ఈ కుటుంబంలోది. జైల్లో ఇద్దరు ఖైదీలు ఒకే గొడవని చెరోవైపు నుంచి చెప్తారు. దీన్ని నోలన్‌తో పోల్చడం ఎంత అన్యాయమో చెప్పక్కర్లేదు. మెక్సికన్ సినిమా 'అమోరెస్ పెరోస్' (2000) ఒక కారు ప్రమాదం చుట్టూ మూడు కథలు తిప్పింది. మణిరత్నం 'యువ' (2004) చెన్నై నేపియర్ వంతెన మీద ముగ్గురిని కలిపి, అక్కడ్నుంచి ఒక్కొక్కరి గతంలోకి వెళ్ళి వస్తుంది. అది ఇంకో కుటుంబం.

'మహారాజ' ఏ గూటిది

ఇప్పుడు అసలు చర్చకి వద్దాం. నిథిలన్ స్వామినాథన్ తీసిన 'మహారాజ'లో సెలూన్ నడుపుకునే ఒకతను పోలీస్ స్టేషన్‌కొచ్చి తన "లక్ష్మి" పోయిందని ఫిర్యాదు చేస్తాడు, ఆ లక్ష్మి ఒక చెత్తడబ్బా. ఇంకోపక్క సెల్వం అనేవాడు, ముద్దుల కూతురున్న తండ్రి, రాత్రిళ్ళు దొంగతనాలు చేస్తుంటాడు. రెండూ ఒకే రోజుల్లో నడుస్తున్నాయనుకుంటాం. కావు. మధ్యలో ఏళ్ళ దూరం ఉంది. ముడి ఎలా విప్పారో చెప్పను, ఈ ఒక్క మాట చాలు మన లెక్కకి.

నోలన్‌తో పోల్చేవాళ్ళ వాదనలో బలం ఉంది. ఎడిటింగ్‌తో రెండు కాలాల్ని ఒకే కాలంలా కుట్టడం 'డన్‌కర్క్' చేసిన పనే. రెండోసారి చూస్తే ఆనవాళ్ళు ఎక్కడికక్కడ ఉన్నాయని తెలుస్తుంది, ఆ తృప్తి కూడా నోలన్ సినిమా ఇచ్చేదే. పైగా థియేటర్లో పక్కన కూర్చున్నవాడికి ఒక్క మాటలో సినిమా ఎలా ఉందో చెప్పాలంటే అందరికీ తెలిసిన పేరు వాడడంలో తప్పేముంది? ఇంత చిక్కు కథనాన్ని వందల కోట్ల సినిమాల్లో పెట్టి, మామూలు ప్రేక్షకుడు దానికోసం టికెట్ కొనేలా చేసినవాడు నోలనే కదా.

కాదనేవాళ్ళు అనేది ఇది. 'మహారాజ'లో పాత్రలకి ఏ సంవత్సరమో తెలుసు, తెలియనిది మనకొక్కరికే. అంటే అది దర్శకుడికీ ప్రేక్షకుడికీ మధ్య ఆట, పాత్ర మనసుతో సంబంధం లేదు. 'మెమెంటో'తో పెడితే ఈ వాదనే నెగ్గుతుంది. 'ద ప్రెస్టీజ్'తో (2006) పెడితే అంత తేలిగ్గా నెగ్గదు, అందులో ఇద్దరు ఇంద్రజాలికులు ఒకరి డైరీ ఒకరు చదువుతుంటే కథ నడుస్తుంది, మనమూ నిలువునా మోసపోతాం. అయితే అక్కడ ఆ డైరీలు ఎదుటివాణ్ణి మోసం చేయడానికి రాసినవి, మోసం పాత్రల మధ్యే ఉంది, మనం దాన్లో చిక్కుకున్నాం. నా మటుకు నాకు 'మహారాజ'కి దగ్గరి చుట్టం 'కేరాఫ్ కంచరపాలెం'. రెండూ వేరువేరు కాలాల్ని పక్కపక్కన పెట్టి ఒకే కాలమని నమ్మించాయి, రెండూ అది విప్పిన క్షణంలో ఒక మనిషి మీద మన తీర్పుని తలకిందులు చేశాయి. ఒకటి రక్తపాతం, ఇంకోటి ప్రేమకథ కాబట్టి ఆ చుట్టరికం ఎవరికీ తట్టదు.

ఇది జిమ్మిక్కా అన్న ప్రశ్న

"సాపు చేసి చూస్తే మామూలు కథే, అందుకే తిప్పారు" అనే విమర్శ ఈ సినిమాలన్నిటికీ తప్పదు. దాన్ని పరీక్షించే అవకాశం కూడా ఉంది: 'మెమెంటో' ఒక డీవీడీలో వరసగా పేర్చిన రూపం దాచిపెట్టి ఉంది. దాన్లో కథ అంతా అర్థమవుతుంది, లెనర్డ్‌ని ఎవరు ఎలా వాడుకున్నారో ముందే తెలిసిపోతుంది, అతని మీద జాలి మిగులుతుంది. అతని అయోమయం మాత్రం మనకి అంటదు. దీన్నిబట్టి జిమ్మిక్కు అనేవాళ్ళు "చూశారా, వరస తీసేస్తే ఏమీ లేదు" అంటారు. ఎదుటివాళ్ళు "వరస తీసేస్తే పోయిందంటే, వరసలోనే అర్థం ఉందనేగా" అంటారు. నేను రెండోవాళ్ళ పక్షం, కానీ మొదటివాళ్ళు అనే సినిమాలూ బోలెడున్నాయని ఒప్పుకుంటాను. హీరో ఎవర్నో కాల్చబోతుంటే ఆపేసి "48 గంటల ముందు" అని వేసే ఓపెనింగులు చూడండి. ఆ సీను తీసేసి మొదట్నుంచి చూపినా ఏమీ తేడా రాదు. మొదటి పది నిమిషాలు చప్పగా ఉన్నాయన్న టెన్షన్‌తో చివరి రీలు తెచ్చి ముందు అతికించడం అది.

మన దగ్గర దీనికి ఇంకో చిక్కు ఇంటర్వెల్. కథ గడియారం ఏదైనా కానీ, సినిమా సగంలో జనం లేచి బయటికెళ్తారు, వెళ్ళేముందు ఒక దెబ్బ పడాలి. అందుకే మన రచయితలు పెద్ద రహస్యాల్లో ఒకదాన్ని ఇంటర్వెల్‌కి, ఇంకోదాన్ని క్లైమాక్స్‌కి పంచుకుంటారు. నోలన్ ఇంటర్వెల్ కోసం రాయడు. ఇక్కడి థియేటర్లలో అతని సినిమాని ఎక్కడో ఒకచోట కోసేస్తారు. ఒకే రకం కథనాన్ని పోల్చేటప్పుడు ఈ తేడాని లెక్కలోకి తీసుకోకపోవడం మనవాళ్ళకి అన్యాయం.

సినిమా పుట్టకముందు నుంచీ ఉన్న పని

వరస మార్చి చెప్పడం ఎవరో ఒక దర్శకుడి సొత్తు అనుకోవడంలోనే చిక్కుంది. మహాభారతం యుద్ధంతో మొదలవదు, నైమిశారణ్యంలో శౌనకాదులకి సూతుడు చెప్పడంతో మొదలవుతుంది, అతను చెప్పేది జనమేజయుడి సర్పయాగంలో వైశంపాయనుడు చెప్పిన కథ. అంటే కథ లోపల కథ, అప్పటికే అంతా అయిపోయాక. మన భాషలోనే 16వ శతాబ్దంలో పింగళి సూరన 'కళాపూర్ణోదయం' రాశాడు. ద్వారకలో కలభాషిణి ఉయ్యాల ఊగుతున్న చోట మొదలై, ఎవరెవరివో కథలు ఒకదాన్లో ఒకటి దూరి, ముందు చూసిన వాటికి కారణాలు చాలా తర్వాత బయటపడతాయి. చిక్కుముడి విప్పే పాత్ర ఒక పసిబిడ్డ, మధురలాలస, తన పూర్వజన్మ సంగతి తానే చెప్తుంది. సూరన ఊహలోంచి కట్టిన కథ అది, పురాణం నుంచి తెచ్చుకున్నది కాదు. కాబట్టి ఆ వరస పూర్తిగా అతను తీసుకున్న నిర్ణయమే.

ఇక నోలన్ తర్వాతి సినిమా 'ది ఒడిస్సీ'. దానికి ప్రకటించిన విడుదల తేదీ 2026 జులై 17. దానికి మూలమైన గ్రీకు కవి హోమర్ కావ్యం కూడా మధ్యలోంచే మొదలవుతుంది. మొదటి నాలుగు భాగాల్లో కథంతా హీరో ఒడిస్సియస్ కొడుకు టెలిమాకస్‌ది, ఒడిస్సియస్ మనకి ఐదో భాగంలో గానీ కనబడడు. అందరికీ తెలిసిన ఒంటికన్ను రాక్షసుడి కథ తొమ్మిదో భాగంలో వస్తుంది, అదీ ఒడిస్సియస్ తన నోటితో ఒక రాజు కొలువులో చెప్పుకుంటుంటే. చెప్పేవాడేమో అబద్ధాలకి పేరుపడ్డ మనిషి. ఎవరికి ఏం తెలుసు అన్న దానితో ఇరవయ్యేళ్ళకి పైగా ఆడుకుంటున్న దర్శకుడు, వరసని హోమరే తిప్పిపెట్టిన కథని చేతిలోకి తీసుకున్నాడు. దాన్ని అలాగే ఉంచుతాడా, సాపు చేస్తాడా అన్నది అతని పద్ధతి గురించి ఇప్పటిదాకా మనం చెప్పుకున్న దానికంటే ఎక్కువే చెప్తుంది.